వాయిదా పడవ

పొన్నలంక,
జయ నామ సంవత్సరం, జ్యేష్ఠ బహుళ తదియ

ఒరేయ్ చంద్రం,

మీ మామయ్య తాతాజీ దీవించి రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. కాలవలకి నీళ్ళు వదిలారు, పడవలు తిరుగుతున్నాయి, అంచేత ఈ ఉత్తరం మన పడవ సరంగు ముసలయ్యకిచ్చి పంపుతున్నాను.

నువ్వు డిస్ట్రిక్టు మునసబు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టావని పాలకొల్లు సంతలో ఎవడో చెబితే తెలిసింది. నాకొక ముక్క రాయాలని తోచలేదేంరా? మీ నాన్న పోయిన దగ్గర్నుంచీ నిన్ను పెంచి, మద్రాసు పంపి బి.ఎల్. ప్యాసు చేయించింది దేనికి? మన గట్టు దావా నువ్వు వాదిస్తావనే కదా! మన తోటకీ వీరాస్వామి తోటకీ మధ్య గట్టు ఎవరిదని మా నాన్న, వాళ్ళ నాన్న మొదలెట్టిన దావా. కింది కోర్టులో గెలిచాం, పై కోర్టులో ఓడాం, మళ్ళీ మొదట్నుంచీ విచారించమని కిందికే తోశారు. కోర్టు అమీనా వచ్చి గొలుసు పట్టి కొలిచి కొలిచి గట్టే అరిగిపోయింది. ఇప్పుడు నువ్వెళ్ళి జడ్జీ కుర్చీలో కూచుంటే వాదించేదెవరు, మీ అత్తయ్యా?

కోపం ఓ పూట ఉంది. తరవాత తగ్గింది. మా చిన్నప్పుడు కోర్టు మునసబంటే నకళ్ళు రాసే గుమాస్తాగా చేరి, శిరస్తాదారయి, పళ్ళన్నీ ఊడాక ఆ కుర్చీ ఎక్కేవాడు. సాక్షి చెప్పేది సగం వినపడేది కాదు. నువ్వు పళ్ళుండగానే ఎక్కుతున్నావు. మంచిదే. మీ అత్తయ్య చిట్టెమ్మకి మాత్రం బోధపడలేదు. "మన ఊళ్ళో మునసబు ఉన్నాడుగా, శిస్తు వసూలు చేసుకుంటూ. ఆ మాత్రం దానికి ఇంత చదవాలా?" అంది. ఊరి మునసబు వేరు, కోర్టు మునసబు వేరు అని చెప్పేసరికి నా గొంతు ఆర్చుకుపోయింది.

ఉద్యోగం జిల్లా జడ్జీ దొరగారి మాట మీద ఉందట కదా. ఉత్తచేతులతో అడిగితే ఏం మర్యాద? అందుకని మన తోటలో పనసపండు పెద్దది ఒకటి, చక్కెరకేళి గెలొకటి ముసలయ్య చేత తిన్నగా దొరగారి బంగళాకే పంపించాను. నీ పేరు గట్టిగా చెప్పమన్నాను. నువ్వు మొహమాటస్తుడివి, అందుకే ముందుగా నీకు చెప్పలేదు.

నీ గురించి నీకన్నా ఎక్కువ ఆలోచించే
మామయ్య


రాజమహేంద్రవరం,
29 జూన్ 1894

మామయ్యగారికి చంద్రరావు నమస్కారాలు.

పనసపండు చేరింది. ఎలా చేరిందో కూడా వినండి. దొరవారు బంగళా వరండాలో కాగితాలు చూసుకుంటూ ఉంటే, మన ముసలయ్య ఆ కాగితాల మీదే పండు దించి, "ఇది చంద్రరావుగారి తాలూకండి. ఆయన్ని జడ్జీని చెయ్యాలండి" అన్నాడట. మధ్యాహ్నం కోర్టు బంట్రోతు దాన్ని నెత్తిన పెట్టుకుని ప్లీడర్ల గదికి తెచ్చి, అందరి ఎదుటా నా ముందు పెట్టాడు. ప్లీడర్లంతా చుట్టూ కూచుని తొనలు ఒలుచుకు తిన్నారు. ఇప్పుడు నన్ను "పనస మునసబుగారూ" అని పిలుస్తున్నారు.

మామయ్యా, ఈ ఉద్యోగం పళ్ళకి రాదు. మద్రాసు హైకోర్టులో అర్హులైన వాళ్ళ పేర్లు వరసగా రాసుకుంటారు. మనిషి ఎలాంటివాడో జిల్లా జడ్జీగారు రాయాలి. ఎక్కడైనా మునసబు సెలవు పెడితే కొన్నాళ్ళు ఆక్టింగు ఇస్తారు. అలా ఒక కోర్టు, ఇంకో కోర్టు తిరిగి, తీర్పుల్లో తప్పులు లేవనుకుంటే అప్పుడు ఖాయం చేస్తారు. ఒక్క చెడ్డమాట చాలు, పేరు కొట్టేస్తారు. ప్లీడరీలో నేను గొప్పగా రాణించడంలేదని మీకూ తెలుసు. గొంతు పెద్దది చేసి అరవలేను. కానీ రెండు వైపులా విని, ఏది నిజమో తేల్చడం నాకు చేతనవునని నమ్మకం. నాకు కావలసింది ఈ ఒక్క ఉద్యోగమే.

దొరవారికి దయచేసి ఇంకేమీ పంపకండి. ఆయన పళ్ళు పుచ్చుకునే మనిషి కాదు.

విధేయుడు,
చంద్రరావు


పొన్నలంక,
ఆషాఢ శుద్ధ దశమి

ఒరేయ్ చంద్రం,

దొరగారు పళ్ళు పుచ్చుకోరని ముందే రాయొద్దూ? తెలిస్తే నెయ్యే పంపేవాణ్ణి. నీ ఉత్తరం చూడగానే వెన్న కాయించి కుండకి వాసెన కట్టాను గానీ, మీ అత్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి, "అబ్బాయి ఏడుస్తూ రాశాడు, మీకది ఆకలి కబురులా వినపడిందా?" అని కుండ దించించింది. సరే, ఊరుకున్నాను.

మొన్న వాయిదాకి వెళ్ళొచ్చాను. మళ్ళీ వాయిదా పడింది. మునసబుగారికి ఆయాసం, సెలవు పెడతారని గుమాస్తాలు చెప్పుకుంటున్నారు. కోర్టుకి మన రేవులోంచి వెళ్ళేది ముసలయ్య పడవొక్కటే కదా, ఎప్పటిలాగే నేను ఈ చివర, వీరాస్వామి ఆ చివర. మాకు మాటల్లేవని నీకు తెలుసు. వాడి పొగాకు బావుంటుంది, నా తమలపాకులు బావుంటాయి. "ముసలయ్యా, ఆయనకి ఆకులు కావాలేమో అడుగు" అంటాను. "ముసలయ్యా, పొగాకు పుచ్చుకోమని చెప్పు" అంటాడు వాడు. చుక్కాని వదిలి ఇటూ అటూ మొయ్యలేక ముసలయ్య సణుగుతాడు. మొన్న లాకుల దగ్గర పడవ చాలాసేపు ఆగిపోయింది. నా చద్దిమూట మీద నీళ్ళు పడి తడిసిపోతే, "ముసలయ్యా, ఆకలితో కూచుంటే సాక్ష్యం సరిగ్గా చెప్పలేరని చెప్పి, ఇది ఇవ్వు" అని పులిహోర పంపాడు. దావా దావాయే, పులిహోర పులిహోరే. తిన్నాను.

నీ ఉద్యోగం సంగతి ఏమైందో వెంటనే రాయి. ముక్తసరిగా రాయకు.

ఇంకేమీ పంపని
మామయ్య


రాజమహేంద్రవరం,
28 జులై 1894

మామయ్యగారికి నమస్కారాలు.

తపాలాకి వేళయింది, తొందరలో రాస్తున్నాను. మన తాలూకా కోర్టు మునసబుగారు సెలవు పెట్టారు. ఆ ఖాళీలో ఆక్టింగుకి వరసలో నా పేరే ముందుంది! దొరవారు నన్ను పిలిపించి మాట్లాడారు. మీ దావా సంగతి నేనే స్వయంగా ఆయనకి చెప్పాను. శ్రద్ధగా విని, దావా నంబరు కూడా రాసుకున్నారు. తక్కినవి తరవాత వివరంగా రాస్తాను. ఉత్తరువు చేతికొచ్చేదాకా ఎవరితోనూ అనకండి.

చంద్రరావు


పొన్నలంక,
శ్రావణ శుద్ధ పంచమి

మహారాజశ్రీ డిస్ట్రిక్టు మునసబుగారైన మా చంద్రరావుగారికి,

ఇకమీదట నిన్ను ఒరే అనకూడదని మీ అత్తయ్యకి కూడా చెప్పాను. "నేనెప్పుడన్నాను, అనేది మీరే" అంది.

నాయనా, నీ ఉత్తరం చదివి నా కళ్ళు చెమ్మగిల్లాయి. అంత పెద్ద దొరగారి దగ్గర ముందుగా నీ ఉద్యోగం మాటెత్తకుండా నా దావా మాటెత్తావా! ఆయన నంబరు రాసుకున్నారా! ఇంక ఓడిపోయేదెక్కడ? ఎవరితోనూ అనొద్దన్నావు కాబట్టి ఎవరితోనూ అనలేదు. ఊళ్ళో వాళ్ళని భోజనానికి పిలిచినప్పుడు, ఎందుకు పిలిచానో చెప్పకపోతే బాగుండదు కదా, అంతవరకే చెప్పాను.

వాయిదాకి వెళ్తూ పడవలో ముసలయ్యతో అన్నాను, "కాబోయే జడ్జీగారు ఎవరో ఆయనకి చెప్పు" అని. ముసలయ్య చెప్పాడు. వీరాస్వామి మొహం పాలిపోయింది. లాకుల దగ్గర దిగి, గొడుగు చంకలో పెట్టుకుని నడిచి వెనక్కి వెళ్ళిపోయాడు. గెలిచినట్టే అనిపించింది. కానీ తిరుగు ప్రయాణంలో తమలపాకులు అలాగే మిగిలిపోయాయి. ముసలయ్య ఆకులు తినడు.

ఇంకో సంగతి. మన అరుగు ఇప్పుడు ఖాళీగా ఉండటంలేదు. కోడి పోయిందని సూరమ్మ, పొలానికి నీళ్ళు రానివ్వడంలేదని భీమరాజు, ఒకళ్ళ తరవాత ఒకళ్ళు వస్తున్నారు. నేను రెండు వైపులా విని, "ఇది మావాడు వినాల్సిన వ్యవహారమే" అనో, "దీనికి మావాణ్ణి శ్రమ పెట్టక్కర్లేదు" అనో చెబుతున్నాను. చూశావా, నీకు ఎంత పని తగ్గిస్తున్నానో! ఊరికే చెప్పించుకోవడం బాగుండదని వాళ్ళే కాయో కూరో తెచ్చి పెడుతున్నారు. వద్దంటే నొచ్చుకుంటారు.

జడ్జీగారి మేనమామ,
తాతాజీ


రాజమహేంద్రవరం,
18 ఆగస్టు 1894

మామయ్యా,

ఎంత పని చేశారండీ! మీ మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాదు, అందుకని ఈ ఉత్తరం రాసి, చింపి, మళ్ళీ రాస్తున్నాను.

నేను మీ దావా సంగతి దొరవారికి చెప్పింది గెలిపించమని కాదు. ఆ కోర్టులో మా మేనమామగారి వ్యాజ్యం ఉంది, దాన్ని నేను ముట్టుకోకూడదు, వేరే కోర్టుకి మార్చండి అని చెప్పాను. నంబరు రాసుకున్నది అందుకు. ఆయన సరేనన్నారు కూడా. ఉత్తరువు మీద సంతకం కావడమే తరవాయి.

ఇంతలో సంతకం లేని అర్జీ ఒకటి వచ్చింది. ఆకాశరామన్న అర్జీ. "కాబోయే మునసబుగారి మేనమామ ఊరందరికీ విందు చేసెను. అరుగు మీద కోర్టు పెట్టెను. ఫీజు కింద గుమ్మడికాయలు పుచ్చుకొనుచున్నాడు. గట్టు దావాకి కాబోయే జడ్జీ తనవాడేనని పడవలో ప్రకటించెను." దొరవారు నా చేతే పైకి చదివించారు. ఇది అబద్ధమా అని అడిగారు. మీ ఉత్తరం నా జేబులోనే ఉంది. అబద్ధం కాదండీ అన్నాను.

ఆయన నవ్వలేదు, కేకలెయ్యలేదు. "దావా ఇంకో కోర్టుకి మార్చగలను. కానీ ఈ గొడవ నలుగురి నోళ్ళలో పడ్డాక, అక్కడ నువ్వు చెప్పే ఏ తీర్పునైనా ఎవరు నమ్ముతారు?" అన్నారు. నెలాఖరు దాకా చూసి, నా వెనకవాడి పేరు రాస్తారట. ఈసారి తప్పితే, నా పేరు పక్కన ఈ అర్జీ కూడా మద్రాసు వెళ్తుంది. ఇంక ఆ ఉద్యోగం మాట మరిచిపోవడమే.

అర్జీ ఎవరు రాశారో మీకూ నాకూ తెలుసు. పోట్లాడకండి. దావా మానుకోమని మిమ్మల్ని నేను అడగను. అడగడానికి నోరు రాదు. ఆ దావా ఉండబట్టే మీరు నన్ను చదివించారు. దాన్ని మీ చేత వదిలించి నేను జడ్జీనవడం నాకిష్టం లేదు.

మీ
చంద్రం


పొన్నలంక,
శ్రావణ బహుళ ద్వాదశి

ఒరేయ్ చంద్రం,

తప్పు నాదేరా. ముందు ఆ మాట రాసేస్తే తక్కినవి రాయడం తేలిక. నీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపిస్తే, వంటింట్లోకి వెళ్ళి, ఆ వచ్చిన కాయలన్నీ బుట్టకెత్తి, ఎవరివి వాళ్ళకి ఇచ్చొచ్చింది.

నేను కండువా వేసుకుని తిన్నగా గట్టు మీంచే వీరాస్వామి ఇంటికి వెళ్ళాను. వాడు పెరట్లో కొబ్బరిమట్టలు చీలుస్తున్నాడు. నన్ను చూసి కత్తి కింద పెట్టాడు. మధ్యలో ముసలయ్య లేడు.

"అర్జీ నువ్వే రాశావా?" అన్నాను.

"నేనే. అందులో ఒక్క అబద్ధం చూపించు" అన్నాడు.

ఆలోచించాను. "గుమ్మడికాయలన్నావు. గుమ్మడికాయ ఒకటే, తక్కినవి ఆనపకాయలు" అన్నాను.

"అది దిద్దుకుంటాను. మీవాడు కుర్చీలో కూచుంటే నాకు న్యాయమెక్కడ తాతాజీ? ఇన్నేళ్ళు పడవలో తిరిగింది ఇందుకా?" అని అడిగాడు. నాకు సిగ్గేసింది.

"నీకు న్యాయం చేస్తాడేమో గానీ నాకు ఛస్తే చెయ్యడురా వాడు. పనసపండు పంపిస్తే నామీద ఎలా ఎగిరాడో చూడు" అని నీ ఉత్తరాలన్నీ వాడి చేతిలో పెట్టాను. అరుగు మీద కూచుని అన్నీ చదివాడు. పనస మునసబు దగ్గర నవ్వాడు. కడపటి ఉత్తరం రెండుసార్లు చదివి, ముక్కు చీది, "ఆ దావా ఉండబట్టే చదివించారని రాశాడు. దావా అన్నాక ఇద్దరుండాలి కదా. నేను లేకపోతే నీకు దావా ఎక్కడిది? అంటే కుర్రాణ్ణి సగం నేను చదివించినట్టే" అన్నాడు.

కాదనడానికి నాకు పాయింటు దొరకలేదురా, నువ్వుంటే దొరికేదేమో.

"మరి సగం చదివించినవాడివి ఉద్యోగం చెడగొడతావా?" అన్నాను.

అంతే. రాజీ అయిపోయాం. గట్టు ఇద్దరిదీ. రేవుకి ఇద్దరూ దాని మీదుగానే నడవాలి. రాజీ కాగితం పట్టుకుని ఒకే పడవలో కోర్టుకి వెళ్ళాం. సెలవు మీద వెళ్ళబోతున్న మునసబుగారు అది చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. మా ఇద్దరి ప్లీడర్లూ మాత్రం చావు కబురు విన్నట్టు కూచున్నారు.

అక్కణ్ణుంచి అదే పడవలో రాజమండ్రీ వచ్చి దొరగారిని చూశాం. నీ వీధిలోంచే వెళ్ళాం గానీ, మళ్ళీ ఏం కొంప మునుగుతుందో అని ఆగలేదు. ఉత్తచేతులతోనే వెళ్ళాం. నాకు ఎంతో అమర్యాదగా అనిపించింది. శిరస్తాదారు మా మాటలు ఇంగ్లీషులో చెబుతూ ఉంటే దొరగారు విన్నారు. "విందు, అరుగు, కాయలు, అన్నీ నేను చేసిన తెలివితక్కువ పనులండి, కుర్రాడికి ఏమీ తెలీదండి" అని ఒప్పుకున్నాను. వీరాస్వామి ముందుకొచ్చి, "అర్జీ నేనే రాశానండి. సంతకం పెట్టడం మర్చిపోయాను, ఇప్పుడు పెడతానండి" అన్నాడు. ఎవరి బలవంతం మీద రాజీ అయ్యారని అడిగారు. ఎవరి బలవంతమూ లేదు, గట్టు నేనే వదులుకున్నానన్నాను. "ఈయన వదులుకోవడమేంటండీ, వదులుకుంది నేను" అన్నాడు వాడు. నేనంటే నేనని దొరగారి ఎదుటే అరుచుకున్నాం. అప్పుడు నవ్వారురా దొరగారు. నవ్వి, అర్జీ చింపి బుట్టలో పారేశారు.

ఉద్యోగం ఇస్తారో ఇవ్వరో తెలీదు. దావా లేకపోతే పొద్దు ఎలా గడుస్తుందో అని బెంగగా ఉంది. అయినా మంచి పనే చేశాననిపిస్తోంది. నువ్వు దావా వాదించేవాడివే అనుకున్నాను ఇన్నాళ్ళూ. తేల్చేవాడివని నాకు తెలీలేదు.

మీ మామయ్య


తాలూకా కోర్టు బస,
17 సెప్టెంబరు 1894, సాయంత్రం

మామయ్యా,

ఇవాళ పొద్దున్న కుర్చీలో కూచున్నాను. ఆక్టింగే. ఖాయం కావడానికి ఇంకా చాలా కోర్టులు తిరగాలి. కానీ కూచున్నాను.

మీరు రావద్దని ఎన్నిసార్లు కబురు పెట్టాను! లోపలికి అడుగుపెట్టగానే కనపడ్డారు. వెనకబల్ల మీద మీరూ, వీరాస్వామిగారూ, కొత్త తలపాగాల్లో. అందరూ లేచారు. మీరూ లేచారు. ఊళ్ళో ఎంతటివాడొచ్చినా మీరు అరుగు మీంచి లేవడం నేనెప్పుడూ చూడలేదు. నేను కాగితాల్లోకే చూస్తూ కూచున్నాను, గమనించే ఉంటారు. అది గర్వం కాదు మామయ్యా. తలెత్తి మిమ్మల్ని చూస్తే నేనూ లేచి నిలబడేవాణ్ణి.

ఆ తరవాత జరిగినదానికి క్షమించండి. సాక్షి ప్రమాణం చేస్తున్నాడు, వెనకనుంచి మీ ఇద్దరి మాటలు. ముందు సైగ చేశాను. బంట్రోతుల పెద్ద డఫేదారు "సైలెన్స్" అన్నాడు. మీరు వీరాస్వామిగారికి ఆ సాక్షి అబద్ధమాడుతున్నాడని పైకే చెబుతున్నారు. ఆయన కాదంటున్నారు. ఇంక గత్యంతరం లేకపోయింది. నా ఉద్యోగంలో నేను వేసిన మొట్టమొదటి ఆర్డరు మిమ్మల్నిద్దరినీ బయటికి పంపమని.

అన్నం సహించలేదు. అత్తయ్యకి ఎలా చెబుతారో చెప్పండి. ఆవిడ నన్ను క్షమించదు.

చంద్రం


పొన్నలంక,
భాద్రపద బహుళ తదియ

కోర్టులో మునసబుగారికీ, ఇంట్లో మా చంద్రానికీ,

ముందు అన్నం తిను. మీ అత్తయ్యకి చెప్పాను. "ఇన్నేళ్ళకి మీ నోరు మూయించేవాడొకడు దొరికాడు" అని నిన్ను మెచ్చుకుని, ఆ పూట పాయసం చేసింది.

డఫేదారు మర్యాదగానే తీసుకెళ్ళాడు. మెట్ల మీదికి రాగానే వీరాస్వామి పకపకా నవ్వి, "సొంత మేనమామనే బయటికి గెంటించాడు! ఇప్పుడు రాయమను అర్జీ, ఎవడు రాస్తాడో చూస్తాను" అని అక్కడున్న ప్లీడర్లకీ, గుమాస్తాలకీ, మజ్జిగ అమ్మే వీరమ్మకీ కూడా చెప్పాడు. సగం చదివించినవాడు కదా, గర్వం పట్టలేకపోయాడు. సాయంత్రానికి ఊరంతా పాకిపోయింది. ఈ కోర్టులో సిఫార్సులు పనికిరావని నేను అరుగు మీద కూచుని ఎంత మొత్తుకున్నా ఎవడూ నమ్మేవాడు కాదు. ఇప్పుడందరూ నమ్ముతున్నారు. అందుకని నువ్వు బాధపడకు. నువ్వు రావద్దన్నావని ఇంట్లో కూచునుంటే ఆ మాత్రం సాయం కూడా నేను చెయ్యలేకపోయేవాణ్ణి.

ఆ సాక్షి మాత్రం అబద్ధమే ఆడుతున్నాడురా.

వచ్చేటప్పుడు పడవలో వీరాస్వామి ఒకమాటన్నాడు. "ఇలాంటివాడు మన కుర్రతనంలోనే ఆ కుర్చీలో ఉండుంటే, మన దావా ఒక్క వాయిదాలో తేలిపోయేది తాతాజీ" అని.

"తేలిపోతే ఇన్నేళ్ళూ నేనెవరితో పడవెక్కేవాణ్ణిరా?" అన్నాను.

వాడు పొగాకు తీసి, అలవాటు చొప్పున ముసలయ్య కోసం అటు చూశాడు. మళ్ళీ తనే లేచి, ఆ చివరనుంచి నడిచొచ్చి, నా చేతిలో పెట్టి, నా పక్కనే కూచున్నాడు. పడవ ఒక పక్కకి ఒరిగిపోతోందని ముసలయ్య తిడుతున్నా లేవలేదు.

మీ మామయ్య,
తాతాజీ